వెనకగది కిటికీ

అక్టోబరు 6

మరదలా,

నీ కొత్త ఉద్యోగం సంగతులు చదివి ఎంత నవ్వుకున్నానో. కొండకి కన్నం వేసేవాళ్ళకి సామాను లెక్కపెట్టి ఇచ్చే పని నీకు కాక ఎవరికి సరిపోతుంది? మా ఇంట్లో ఉన్న రెండేళ్ళూ నా వంటింటి గరిటెలకి కూడా హాజరు వేసేదానివి.

ఉత్తరాలెందుకు, ఫోన్‌లో మాట్లాడుకుందాం అన్నావు. నువ్వు సిగ్నల్ కోసం గుట్టెక్కి చేస్తావు. ఇక్కడ మీ అన్నయ్య పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటారు. చెల్లెలి గొంతు కదా, ఆయనకీ వినాలని ఉండదా? కొన్ని మాటలకి మాత్రం కాగితమే నయం.

చలి ముదిరేలోపు ఇల్లంతా ఒకసారి చూసుకోమని డాక్టరు చెప్పాడు. పోయిన చలికాలం బుడంకాయని ఎత్తుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగాం, గుర్తుందిగా. నీ మేనకోడలికి నాలుగేళ్ళు నిండాయి, మాటలు మాత్రం నలభై ఏళ్ళవి. దగ్గొక్కటే వదలడం లేదు. అందుకని పోయిన నెల వెనకగదిలో బీరువా జరిపించాను. పైవాటా కండక్టరమ్మ సాయం పట్టింది. ఆవిడ రిటైరై ఎన్నేళ్ళయినా "జరగండి, జరగండి" అనకుండా మెట్లు దిగదు. కానీ ఆ గోడ చూశాక ఆవిడే వెనక్కి జరిగింది.

నేల దగ్గర్నుంచి నా నడుము దాకా నల్లటి బూజు. వేలితో తాకితే సున్నం తడిసిన అట్టలా ఊడొచ్చింది. బీరువా కింద దాచిన మీ అన్నయ్య పెళ్ళి బూట్ల మీద పచ్చటి నూగు మొలిచింది. పరుపు తిరగేశాను, కిటికీ చెక్క మూలలు తడిమాను, మంచం కిందికి దూరి చూశాను. ఎక్కడ చూసినా అదే చెమ్మ, అదే ముక్కిన వాసన. పిల్ల పడుకునేది ఆ గదిలోనే.

మీ అన్నయ్యకి చూపిస్తే, "చలి లోపలికి దూరుతోంది, అందుకే గోడ చెమర్చింది" అన్నారు. పగలంతా కోల్డ్ స్టోరేజీలో బిగుసుకుపోయి వచ్చే మనిషికి అన్నిటికీ చలే కారణం. ఆదివారం కూర్చుని దాని మీద రంగు కొట్టేశారు. ఆ రంగులోంచి మళ్ళీ చుక్కలు చుక్కలుగా పైకొస్తోంది.

నిజం చెప్పనా? ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు.

నీ వదిన


అక్టోబరు 19

వదినా,

సామాను లారీ వారానికోసారే వస్తుంది, నీ ఉత్తరం నిన్న చేతికందింది. గుడారం బయట నిలబడే చదివేశాను. బూట్ల మీద నూగు దగ్గర నవ్వాను. చివరి మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

నాకు తెలియని అన్నయ్యా? పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట, మధ్యలో మూతి బిగింపు. ఏదైనా పట్టాడంటే ఉడుం పట్టు. నీలాంటి గలగలలాడే మనిషికి అలాంటివాడితో కష్టంగానే ఉంటుంది. కానీ లోపల వెన్న, వదినా. కాస్త సర్దుకో. పిల్లని బళ్ళో వేశాక నువ్వు మళ్ళీ పాఠాలు చెప్పుకోవచ్చు, అప్పుడు ఇల్లు ఇంత ఇరుకనిపించదు.

గోడ సంగతి మా సొరంగం మేస్త్రిని అడిగాను. ఇక్కడ నీళ్ళు కారని గోడంటూ లేదు, కాబట్టి ఆయన మాటకి విలువుంది. "బయటి నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో చూడమనమ్మా" అన్నాడు. డాబా మీంచి దిగే వాన గొట్టం పగిలిందేమో, బయటి గోడకి బీటలున్నాయేమో, ఆ గోడకి అవతల స్నానాలగది ఉందేమో చూడు. దూరే చోటు మూసేస్తే గోడ దానంతటదే ఆరుతుందట.

నువ్వు చెబితే వినడని అన్నయ్యకి నేనే విడిగా ఒక ఉత్తరం రాశాను. నీ పేరెత్తలేదులే. చలికాలం ముందు ఇంట్లో సందులు గొందులు చూసి గట్టిగా మూయించుకో అని రాశాను. ఇక చూసుకో, పని ఎలా పరిగెడుతుందో.

ఇక్కడ తిండి గురించి అడగకు. వంటవాడికి ఉప్పంటే ప్రాణం. బుడంకాయకి అత్త ముద్దులు.

నీ పెద్దరికం చేసే మరదలు


నవంబరు 2

ఓ పెద్దమనిషీ,

పని పరిగెత్తింది. నీ ఉత్తరం అందిన మర్నాడే మీ అన్నయ్య కోల్డ్ స్టోరేజీ తలుపులకి వేసే నల్ల రబ్బరు పట్టీలు చుట్టలు చుట్టలుగా తెచ్చారు. ముందుగది, వెనకగది, వంటిల్లు, ఒక్క కిటికీ వదల్లేదు. రబ్బరు అంటించి, దాని మీద జిగురు పూసి, మళ్ళీ టేపు వేశారు. "మా గిడ్డంగిలో తలుపు సరిగ్గా పడకపోతే గోడలన్నీ నీళ్ళు కారతాయి. ఇదీ అంతే. మా చెల్లెలు కూడా మూయించమనే రాసింది" అన్నారు. ఆ మాట ఎంత సంబరంగా అన్నారో! నా వైపు సాక్ష్యానికి నిన్ను పిలుచుకుంటే నువ్వెళ్ళి అటు కూర్చున్నావు.

నీ మేస్త్రి చెప్పినవన్నీ చూశాను. వాన గొట్టం కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. బయటి గోడ చుట్టూ తిరిగి అంగుళం అంగుళం తడిమాను, ఒక్క బీట లేదు. పక్కింటాయన నన్ను దొంగననుకున్నాడు. స్నానాలగది ఇంటికి ఆ చివర. పైగా వాన పడి ఎన్నాళ్ళయిందో.

ఇంకోటి. ఊపిరాడటం లేదంటే ఊపిరే ఆడటం లేదే పిచ్చిదానా! సంసారం గురించి కాదు నేను రాసింది. ముక్కు గురించి, గొంతు గురించి. నిద్ర లేచేసరికి గుండె మీద తడి దుప్పటి పరిచినట్టుంటుంది. పిల్ల పడుకుంటే దాని ఛాతీలో పిల్లి గురక.

ఇప్పుడు బట్టలు లోపలే ఆరేస్తున్నాం. వంట ఆవిరి లోపలే. గది వెచ్చబెట్టే పొయ్యి రోజంతా వెలుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి కిటికీ అద్దాల మీంచి నీళ్ళు ధారగా కారుతుంటే బుడంకాయ వేలితో బొమ్మలు గీస్తుంది. నిన్న వాళ్ళ నాన్నని గీసింది. మనిషి మొత్తం కోటే, ముఖం లేదు. వెనకగది తలుపు ఉబ్బిపోయింది. భుజంతో తోస్తే కానీ తెరుచుకోదు, కాలితో తంతే కానీ పడదు.

కాసేపు తలుపు తెరిచి గాలి పీల్చుకుందామంటే, ఆయన ఇంటికి రాగానే ముందు గడియలే చూస్తారు. ఎప్పుడు తీశావు, ఎంతసేపు తీశావు, పిల్ల ఎక్కడుంది? ఆ అడగడం కూడా కోపంగా ఉండదు. బతిమాలుతున్నట్టుంటుంది. అదే నాకు ఇంకా చిరాకు. కోపంగా అడిగితే తిరిగి ఒక మాట అనొచ్చుగా.

సర్దుకోమన్నావుగా. సర్దుకుంటూనే ఉన్నాను.

నీ వదిన


నవంబరు 11

వదినా,

రెండు చెవులూ పట్టుకుని రాస్తున్నాను, అందుకే రాత ఇలా ఉంది. నువ్వు ముక్కు గురించి రాస్తే నేను మొగుడి గురించి అనుకున్నాను. పైగా అన్నయ్య చేతికి నేనే రబ్బరు చుట్ట అందించినట్టయింది.

నీ ఉత్తరం మేస్త్రికి చదివి వినిపించాను. అంతా విని, "నేను సగం విని సగం చెప్పాను, తప్పు నాదే" అన్నాడు. బయటి నీళ్ళో లోపలి నీళ్ళో తేలాలంటే ఒక పని చెయ్యమన్నాడు. గోడ మీద ఒకచోట పొడిగుడ్డతో తుడిచి, తిండి చుట్టే వెండి కాగితం అరచేయంత ముక్క నాలుగువైపులా టేపుతో అంటించు. ఒకటి రెండు రోజులు వదిలెయ్యి. కాగితం వెనక, అంటే గోడ వైపు, తడి చేరితే నీళ్ళు గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు తడి చేరితే నీళ్ళు గది గాలిలోంచి వస్తున్నట్టు. అదే అయితే మూసినకొద్దీ ముదురుతుందట. కిటికీలు తీయాలి, బీరువాని జరిపి గోడకి ఎడంగా పెట్టాలి, వంటప్పుడు ఆవిరి బయటికి పోనివ్వాలి. బూజు గోకేటప్పుడు పిల్లని ఆ దరిదాపుల్లో ఉంచకు, నువ్వు కూడా ముక్కుకి గుడ్డ కట్టుకో.

అన్నయ్య కిటికీల సంగతి... దాని వెనక ఒకటుంది. చాలాసార్లు నీకు చెబుదామనుకున్నాను. ఇప్పుడూ రాయబోయి రెండు కాగితాలు చించేశాను. వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెబుతాను. అంతవరకూ నన్నేమీ అడగకు.

నీ దొంగ సాక్షి


నవంబరు 24

మరదలా,

నీ కాగితం పరీక్ష చేశాను. రెండో రోజు తీసి చూస్తే గోడవైపు పొడి, గదివైపు నీటి బొట్లు. నీళ్ళు పోస్తున్నది వాన కాదు, మేమే. మా వంట, మా తడిబట్టలు, మేం ముగ్గురం రాత్రంతా వదిలే ఊపిరి. ఆ తడి కాగితం మీ అన్నయ్య చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశారు. "కాగితం ముక్కకేం తెలుసు" అని బల్ల మీద పెట్టేసి పనికి వెళ్ళిపోయారు.

పోయిన గురువారం జరిగింది రాస్తాను. చదువుతూ కంగారు పడకు, పిల్ల ఇప్పుడు బాగానే ఉంది.

మధ్యాహ్నం నేనూ బుడంకాయా వెనకగదిలో ఉన్నాం. నేను ఇస్త్రీ చేస్తున్నాను, అది కింద కూర్చుని ఆడుకుంటోంది. పొయ్యి వేడి బయటికి పోకుండా తలుపు కాలితో తన్ని మూశాను. కాసేపటికి దానికి దగ్గు తెర వచ్చింది. రోజూ వచ్చేదే అనుకున్నాను. తెర ఆగలేదు. మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి, పెదాల రంగు మారుతోంది. ఎత్తుకుని తలుపు లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. గడియ పిడి ఊడి చేతిలోకొచ్చింది. చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది, అమ్మాయ్. ఫోను ముందుగదిలో ఉంది. కిటికీ దగ్గరికి పరిగెత్తాను. రబ్బరు, జిగురు, టేపు. గోళ్ళతో పీకాను. నా ఇల్లు, నా గది, నా చేతుల్లో నా పిల్ల, బయటికి దారి లేదు.

ఇస్త్రీ పెట్టె తీసి అద్దం పగలగొట్టాను. పిల్ల ముఖం ఆ కన్నం దగ్గర పెట్టి, నా గొంతులో ఉన్నంత అరుపూ అరిచాను. కండక్టరమ్మ మెట్ల మీంచే "జరగండి, జరగండి!" అని కేకలేస్తూ వచ్చింది. అక్కడ జరగడానికి ఎవరున్నారు? వచ్చి వచ్చి తలుపుకి భుజం వేసింది. మూడో దెబ్బకి తలుపూ ఆవిడా కలిసి లోపల పడ్డారు.

ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. సాయంత్రానికి తేరుకుంది. "ఆ గదిలో పిల్లని ఇక పడుకోబెట్టకండి. బూజు పోయేదాకా, గాలి ఆడేదాకా అసలు రానివ్వకండి" అన్నాడు డాక్టరు.

మీ అన్నయ్యకి కబురు అందలేదు, గిడ్డంగి లోపలుంటే ఫోను మోగదు. నేరుగా ఇంటికొచ్చారు. మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పగిలిన కిటికీ ముందు నిలబడి ఉన్నారు. ఏం జరిగిందని అడగలేదు. "పిల్లని చంపేద్దామనుకున్నావా?" అన్నారు.

నన్ను, మరదలా. ఆ మాట నన్నన్నారు.

పిల్లని భుజానేసుకుని పైకొచ్చేశాను. కింద చెక్క పలక పెట్టి మేకులు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. అప్పట్నుంచీ కండక్టరమ్మ ముందుగదిలో ఉంటున్నాం. ఆయన రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి పిల్లని చూసి వెళ్తారు. నాతో మాట లేదు, నేనూ పలకరించడం లేదు. ఎన్నాళ్ళిలా పరాయి ఇంట్లో? కిందికి వెళ్దామంటే కాళ్ళు రావడం లేదు. వేరే ఎక్కడికైనా పోదామంటే దారి తోచడం లేదు.

రాయలేనన్నావే, అదేమిటో రాసెయ్. ఆయనకేదైనా జబ్బా? ఇంకేదైనా ఉందా? నేను చెడ్డవే ఊహించుకుంటున్నాను.

నీ వదిన


డిసెంబరు 3

వదినా,

నీ ఉత్తరం చదివి సామాను గదిలో తలుపేసుకుని కూర్చుండిపోయాను. ఎప్పుడో చెప్పాల్సింది. అన్నయ్య చెప్పనివ్వలేదని అనను. మా ఇంట్లో ఎవరమూ ఎత్తని మాట అది.

మాకొక తమ్ముడుండేవాడు. అందరికంటే చిన్నవాడు. వాడు పోయేనాటికి నేను బుడంకాయ కంటే కొంచెం పెద్దదాన్ని, అన్నయ్య బడికెళ్ళే వయసు. చలికాలం, వాడికి జ్వరం. అమ్మ పనికెళ్తూ వాడిని అన్నయ్యకి అప్పగించి వెళ్ళింది. గదిలో పొగగా ఉందని, వాడు ఏడుస్తున్నాడని అన్నయ్య కిటికీ తీశాడు. వాడు ఏడుపు ఆపి నిద్రపోయాడట. అమ్మ తిరిగొచ్చేసరికి కిటికీ తెరిచే ఉంది. ఆ వారంలోనే తమ్ముడు పోయాడు.

ఊపిరితిత్తులు ముందే చెడిపోయాయని డాక్టరు అమ్మతో చెప్పాడు. నాకు గుర్తుంది, నేను అమ్మ కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. కానీ ఇంటికొచ్చాక ఏడుస్తూ ఏడుస్తూ అమ్మ అన్నయ్యని ఒక మాట అంది. "కిటికీ తీసి వాడిని చంపేశావు కదరా" అని. ఒక్కసారే అంది. తర్వాత ఎప్పుడూ అనలేదు. అన్నయ్యకి మాత్రం ఒక్కసారి చాలింది.

నిన్నన్న మాట ఎక్కడిదో ఇప్పుడు నీకు తెలిసింది. తెలిసినంత మాత్రాన క్షమించమని అడగడం లేదు. నిన్ను అలా అనడం తప్పే. తమ్ముడి కోసం నీ కూతుర్ని ఆ గదిలో పెట్టమనీ అనను. వాడు పోయాడు, ఇది ఉంది. అన్నయ్య ఆ రబ్బర్లు తన చేత్తో తీసేదాకా నువ్వు పిల్లని కిందికి దించకు. ఈ ఒక్క మాటలో నేను పూర్తిగా నీ వైపు.

మరీ కష్టమైతే ఇక్కడికొచ్చెయ్యండి. నా గుడారంలో ఇంకో మంచం పడుతుంది. గాలికి మాత్రం లోటు లేదు, దుప్పట్లు ఎగిరిపోతుంటాయి.

నీ మరదలు


డిసెంబరు 15

మరదలా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మీ అన్నయ్య మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన్ని చూస్తే కోపం, చూడకపోతే జాలి.

మూడో రోజు పిల్లని కండక్టరమ్మ దగ్గర వదిలి ఒక్కదాన్నే కిందికి వెళ్ళాను. ఆయన వంటింట్లో నిలబడే తింటున్నారు. నేను కూర్చున్నాను. ఏం మాట్లాడాలో అనుకుని వెళ్ళినవన్నీ మర్చిపోయి, "మీ తమ్ముడు ఎలా ఉండేవాడు?" అని అడిగాను.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. తిడతారేమో అనుకున్నాను. "నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు" అన్నారు. ఆ తర్వాత ఆగలేదు. వాడికి 'ర' పలకదట. ఆయన్ని తప్ప ఎవరినీ ఎత్తుకోనిచ్చేవాడు కాదట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. అన్నీ చెప్పి చివర్న, "ఆ రోజు వాడికి గాలి కావాలనే తీశాను" అన్నారు.

"నేనూ పిల్లకి గాలి కావాలనే పగలగొట్టాను" అన్నాను.

ఆయన కంచం కడిగి నాతో పైకి వచ్చారు. కండక్టరమ్మ ముందుగదిలో కిటికీ ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంటుంది. దాని పక్కనే బుడంకాయ నిద్రపోతోంది. ఆయన వంగి దాని ఛాతీకి చెవి ఆనించారు. చూస్తున్న నాకే నడుము నొప్పి పుట్టేదాకా అలాగే ఉన్నారు. పిల్లికూత లేదు. లేచి, "ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఇలా పడుకుంటోంది?" అని అడిగారు. "వచ్చిన దగ్గర్నుంచీ" అన్నాను. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండా, "ఆ మాట నేను అనకూడదు" అన్నారు. కండక్టరమ్మ ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి అనుకుంటా, నోరు మూసుకుంది.

సెలవు పెట్టి పనిలోకి దిగారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని బూజు పట్టిన సున్నమంతా గోకేశారు. పరుపు పారేశాం. బీరువా గోడకి ఎడంగా నిలబడింది. వడ్రంగి వచ్చి తలుపు చిత్రిక పట్టాడు, కిటికీకి కొట్టిన పలక ఊడదీసి కొత్త అద్దం వేశాడు. బట్టలు డాబా మీద ఆరేస్తున్నాను. పిల్ల కిందికి దిగాక కూడా, వెనకగది గోడ ఆరేదాకా దాని పడక మా ముందుగదిలోనే. అన్నీ అయిపోయాయని అనుకోకు. వెనకగదికీ వంటింటికీ మాత్రమే రబ్బర్లు తీశారు. ముందుగదివి తీయడానికి బ్లేడు పట్టుకుని వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చారు. పిల్ల పైన కండక్టరమ్మ దగ్గరే పడుకుంటుందని చెప్పాను, ఆ రబ్బర్లు కూడా పోయేదాకా. తలూపారు. నేనూ తొందర పెట్టడం లేదు. నువ్వు చెప్పిన ఆ ఒక్క మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

ఇవాళ ఆదివారం. భోజనాలయ్యాక వెనకగది కిటికీ తీశాం. ఆయన కోటు వేసుకుని, బూట్లతోనే మంచం అంచున కూర్చుని దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు, అదేదో కరుస్తుందన్నట్టు. పిల్ల పైనుంది, గదిలో చలి తగలడానికి మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. అయినా ఆయన కన్ను తిప్పడం లేదు. "మీరు పడుకోండి, నేను చూస్తూ ఉంటాను" అన్నాను. "మూసేయవుగా?" అన్నారు. మూసెయ్యమంటారనుకున్నాను, మరదలా. మూసేయవుగా అన్నారు.

ఇప్పుడు కోటుతోనే ముడుచుకుని గురక పెడుతున్నారు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు ఎటో పోతున్నాయి, ఏమీ అనుకోకు. లేచి రెక్క వేసుకోవచ్చు. వేయబుద్ధి కావడం లేదు.

నీ వదిన